ముప్పై రెండు డిగ్రీల కిటికీ

పళ్ళ డాక్టరు చేత చెప్పిందే మూడోసారి చెప్పించుకుంది జల్లెడ. మూడుసార్లూ ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. ఆమెకి చిరాకు పుట్టించింది అదే. నిజం చెప్పే మనిషి రెండోసారికి ఏదో ఒకటి మర్చిపోతాడు, మూడోసారికి ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుంటాడు. ఈయన మాత్రం బట్టీ పట్టిన పిల్లాడిలా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతున్నాడు.

జల్లెడ ఆమె అసలు పేరు కాదు. బీమా కంపెనీలో ప్రమాదాల క్లెయిములు తనిఖీ చేసే రోజుల్లో, ఒక్క రాయిని కూడా దాటనివ్వదని తోటివాళ్ళు పెట్టిన పేరు. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా పేరు మాత్రం ఆమెని వదల్లేదు. ఇప్పుడు స్టేషన్లో కూడా అదే పిలుపు, కాకపోతే మొహం మీద పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

కేసు చూడబోతే చిన్నదే. వీధికి అటువైపు మేడ మీద ఆఫీసు పెట్టుకున్న లాయరుని సోమవారం సాయంత్రం ఎవరో కాల్చి చంపారు. రెండు గుళ్ళూ వీధిలోంచి, కిటికీ అద్దం గుండానే వచ్చాయి. మొదటిది గురితప్పి వెనక గోడలో దిగింది, రెండోది లాయరు గుండెలో దిగింది. తుపాకీకి సైలెన్సర్ ఉన్నట్టుంది, వీధిలో ఎవరికీ పేలిన మోత వినపడలేదు. మర్నాటికల్లా ఇటువైపు మేడ మీద, ఈ పళ్ళ క్లినిక్ ఉన్న వరండా చివరే కుట్టుమిషన్ పెట్టుకుని బతికే టైలరుని పట్టుకుపోయారు. ఆ గది ఖాళీ చేయించాలని లాయరు అతని మీద కేసు నడుపుతున్నాడట, ఇద్దరూ ఓసారి మెట్ల మీద మాటా మాటా అనుకున్నారట. దాని పైన రెండు సాక్ష్యాలు. ఒకటి, గుండు వచ్చిన కోణం టైలరు కిటికీనే చూపిస్తోందని పోలీసుల కంప్యూటర్ లెక్క. రెండోది ఈ పళ్ళ డాక్టరు. ఇవాళ సాయంత్రం ఛార్జిషీటు కోర్టుకి చేరుతుంది. చేరిందంటే ఆ టైలరు మళ్ళీ సూదిలో దారం ఎక్కించేసరికి అతని చూపే ఆనకపోవచ్చు.

"చప్పుడు వినిపించినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగింది జల్లెడ మళ్ళీ.

ముందు గదిలో కుర్చీలో ఒక పేషెంటు ఉన్నాడన్నాడు డాక్టరు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చాడట. అది ఎక్కడానికి పది నిమిషాలు ఆగాలట. ఆ ఖాళీలో లోపలి గదిలోకి వెళ్ళి పనిముట్లు సర్దుకుంటుంటే, వీధి అవతల అద్దం పగిలిన చప్పుడు వినిపించిందట. వరండాలోకి వచ్చి చూస్తే టైలరు తన కిటికీ రెక్క మూస్తూ కనిపించాడట.

"మీ పేషెంటు తనకి ఏ చప్పుడూ వినపడలేదన్నాడు. కంప్రెసర్ మోతలో తన మాటే తనకి వినపడలేదట."

"వరండా తలుపు తీసి ఉంది మేడమ్," అన్నాడు డాక్టరు, రెప్ప వేయకుండా.

జల్లెడ పక్కన టైలరు భార్య ఒదిగి నిలబడి ఉంది. మొగుణ్ణి తీసుకుపోయిన రోజు నుంచి ఆవిడ ఎడమ దవడ వాచి, బుగ్గ బన్నురొట్టెలా ఉబ్బింది. అడిగితే పన్ను అంటుంది. పోట్లాట తెలియని మనిషి. తన మొగుడి మీద సాక్ష్యం చెప్పబోయేవాణ్ణి చూస్తూ కూడా, చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయిందని నొచ్చుకుంటోంది.

"డాక్టరు గారూ, మీ కర్టెన్ ఇంకా మా దగ్గరే ఉండిపోయింది. మంగళవారం పొద్దున్నే షాపు తియ్యకముందే వచ్చి, సాయంత్రానికల్లా కావాలన్నారని ఆయన అప్పటికప్పుడు గుడ్డ కత్తిరించి పెట్టారు. ఇంతలోకే వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. నేను కుట్టి తెస్తానండి."

"దానికేం తొందరలేదమ్మా," అన్నాడు డాక్టరు.

జల్లెడ కళ్ళు అప్రయత్నంగా లోపలి గదివైపు వెళ్ళాయి. అక్కడా ఒక పాత కుర్చీ, వీధిలోకి ఒక కిటికీ ఉన్నాయి. కిటికీకి ఓ పక్క నీలం కర్టెన్, కొత్తదానిలా నిగనిగలాడుతోంది. రెండో పక్క బోసిగా ఉంది. పాతది రంగు వెలిసిపోతే తీసేశానని ఆయనే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.

ఆ తర్వాత డాక్టరు టైలరు భార్య బుగ్గ చూసి, అలా వదిలేస్తే చీము పడుతుందని, తన దగ్గర ఫీజు మాటే వద్దని, లోపలి కుర్చీ ఖాళీగా ఉందని అన్నాడు. ఆవిడ జల్లెడ మొహంలోకి చూసింది, వెళ్ళమంటారా అన్నట్టు. జల్లెడకి ఎదురు మేడలో లాయరు గది చూసే పని ఉంది. కోర్టు ఇచ్చిన అనుమతి అరగంట. అందులో పది నిమిషాలు ఈ డాక్టరు పాఠం వినడానికే అయిపోయాయి.

"కూర్చోమ్మా, చూపించుకో. నేను అటు వెళ్ళి వచ్చేస్తాను," అంది.

లాయరు గది గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసి, ఆ తర్వాత పోలీసు టెక్నికల్ విభాగంలోకి వచ్చినవాడు. తెలివైనవాడే. ఆ సంగతి ఎదుటివాళ్ళు ఎక్కడ మర్చిపోతారోనని మాటిమాటికీ గుర్తుచేస్తుంటాడు, అదే జబ్బు.

గదిలో చూడటానికి మిగిలింది తక్కువ. లాయరు బల్ల, కుర్చీ, వెనక గోడలో గుండు తవ్వి తీసిన గుంట. కిటికీకి కొత్త అద్దం. చిల్లులు పడ్డ పాత అద్దం ఏమైందని జల్లెడ అడిగింది. ల్యాబ్‌కి పంపిస్తే దారిలో బండిలో పగిలి ముక్కలైపోయిందని, అయినా కొలతలన్నీ ముందే తీసి షీట్‌లో ఎక్కించానని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. సాక్ష్యాన్ని పెంకుల్లా చేసి, అదేదో తన ముందుచూపులో భాగమైనట్టు చెప్పాడు.

"అద్దం ఊడదియ్యకముందు గోడ గుంటకీ అద్దం చిల్లుకీ మధ్య దారం కట్టి చూశారా?"

"దారాలు కట్టే కాలం కాదు మేడమ్ ఇది."

జల్లెడకి ఒళ్ళు మండింది. మనిషి ప్రాణం పోయింది, ఇంకో మనిషి బతుకు పోబోతోంది, ఈయనగారికి దారం నామోషీ. కోపాన్ని పళ్ళ మధ్య నొక్కిపెట్టి, లాయరు దగ్గర ఉన్న మిగతా కేసులేమిటని అడిగింది. చెప్పుకోదగ్గవి ఏమీ లేవన్నాడు. టైలరు మీద ఖాళీ చేయించే కేసు ఉంది. ఇంజెక్షన్ వికటించి కొడుకు పోయాడని ఒక తల్లి కొత్తగా తెచ్చిన కేసు ఇంకోటి ఉంది, అందులో నోటీసు కూడా వెళ్ళలేదట. దానికీ దీనికీ సంబంధం లేదని ఆయనే తీర్పు చెప్పేశాడు.

"సరే, మీ లెక్క చూపించండి," అంది జల్లెడ.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. షీట్ ముచ్చటగానే ఉంది. కొలతలు పచ్చరంగు గడుల్లో, జవాబు పసుపురంగు గడిలో, అడుగున వీధి ప్లాను, దాని మీద ఎర్రగీత. అద్దానికీ వెనక గోడకీ మధ్య దూరం, అంటే గది లోతు, మూడు పాయింట్ రెండు మీటర్లు. అద్దంలో చిల్లుకి సూటిగా ఉండాల్సిన చోటు నుంచి గోడలో గుంట పక్కకి జరిగింది సరిగ్గా రెండు మీటర్లు. ఈ రెండూ ఇస్తే టాన్ ఇన్వర్స్ ఫార్ములా కోణం చెబుతుంది. పసుపు గడిలో యాభై ఎనిమిది అని ఉంది. కిటికీలోంచి సూటిగా వీధికి అడ్డంగా చూసే చూపుని యాభై ఎనిమిది డిగ్రీలు ఎడమకి తిప్పితే, ఎర్రగీత పోయి పోయి వరండా చివర టైలరు కిటికీలో దిగింది.

"రేడియన్లని డిగ్రీల్లోకి మార్చడం చాలామంది మర్చిపోతారు. నేను అదీ మర్చిపోలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

జల్లెడ షీట్ వైపు చూడటం మానేసి గోడ వైపు చూసింది. తన సంచిలోంచి టేపు తీసి గోడ గుంట దగ్గర కొలిచింది, గది లోతూ కొలిచింది. కొలతల్లో తప్పు లేదు. మనిషి పని శుభ్రమే. మరి ఏదో నలకలా కంట్లో గుచ్చుకుంటోంది. ఏళ్ళ తరబడి లారీ ఎటు జారింది, నిచ్చెన ఎంత వాలింది అని తేల్చి తేల్చి, ఏ లెక్కైనా ముందు కంటితో అంచనా కట్టడం ఆమెకి అలవాటు. ఎంత ముందుకి వెళ్తే అంతే పక్కకి జరిగితే, అది నలభై అయిదు డిగ్రీలు. ఇక్కడ గుండు ముందుకి మూడు మీటర్ల పైచిలుకు వెళ్ళి, పక్కకి జరిగింది రెండే. ముందుకి ఎక్కువ, పక్కకి తక్కువ. కోణం నలభై అయిదు లోపే ఉండి తీరాలి. యాభై ఎనిమిది ఎక్కడిది?

ఆ మాటే అడిగింది. అద్దం తగిలినప్పుడు గుండు దారి మారుతుందని ఇన్‌స్పెక్టర్ మొదలుపెట్టాడు. మారితే ఒకటో రెండో డిగ్రీలు మారుతుంది గానీ వీధి మలుపు తిరగదు కదా అంది ఆమె. ఈ షీట్‌ని ముగ్గురు ఆఫీసర్లు పరిశీలించి సంతకాలు పెట్టారని ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"ముగ్గురూ ఈ గదికి వచ్చారా?"

"షీట్ పంపించాను. వాళ్ళ కంప్యూటర్లలో కూడా అదే జవాబు వచ్చింది."

"అదే షీట్ తెరిస్తే అదే జవాబు రాక ఇంకేం వస్తుంది? ఆ పసుపు గడి మీద నొక్కండి."

నొక్కనన్నాడు. అది శాఖ లోపలి పనితీరు అన్నాడు. కోర్టు అనుమతి కాగితంలో షీట్ పేరు కూడా ఉందని జల్లెడ కాగితం మడత విప్పి బల్ల మీద పరిచింది. ఆయన విధిలేక నొక్కాడు. గడి వెనక దాగిన ఫార్ములా పైకి వచ్చింది. లోపల వాడింది ఏటాన్ టూ, టాన్ ఇన్వర్స్‌నే రెండు కొలతలూ విడివిడిగా ఇచ్చి చేయించే రూపం. దాని బ్రాకెట్లో ముందు పక్కకి జరిగిన రెండు మీటర్లు, కామా, తర్వాత లోతు.

జల్లెడ రెండు క్షణాలు ఆ కామానే చూసింది. తర్వాత నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె గొంతు తగ్గిందంటే కోపం పెరిగిందని అర్థం.

"మీరు ప్రోగ్రాములు రాసే రోజుల్లో ఈ ఫార్ములాకి పక్క కొలత ముందు ఇచ్చేవారు, లోతు తర్వాత. అవునా?"

"అందరూ అలాగే ఇస్తారు."

"అక్కడ అంతే. స్ప్రెడ్‌షీట్లో తిరగేసి ఉంటుంది. ఇక్కడ ముందు లోతు, తర్వాత పక్కది. మీ చేతికి పాత అలవాటు పోలేదు. తిరగేసి ఇచ్చినా ఇది ఎర్రగుర్తు పెట్టదు, తప్పని చెప్పదు. మీరు అడగని కోణాన్ని బుద్ధిగా లెక్కకట్టి చేతిలో పెడుతుంది."

చెయ్యి చాచి తనే రెండు అంకెలనీ అటుదిటు, ఇటుదటు చేసింది. పసుపు గడి ఒక్కసారి మినుకుమంది. యాభై ఎనిమిది పోయి ముప్పై రెండు వచ్చింది. రెండూ కలిపితే సరిగ్గా తొంభై. తిరగేసి ఇస్తే తేడా అలాగే వస్తుంది, మరోలా రాదు. ఇన్‌స్పెక్టర్ ఆ తొంభైని పెదాలు కదుపుతూ కూడుకోవడం ఆమె చూసింది. కూడుకున్నాక కూడా ఆయన నోట్లోంచి తప్పయిపోయిందన్న మాట రాలేదు. ఛార్జిషీటు ఈపాటికి టైపయిపోయిందనీ, పై అధికారికి నివేదిక వెళ్ళిపోయిందనీ గొణిగాడు. షీట్‌లో సవరణకి ఓ పద్ధతి ఉంటుందట.

జల్లెడ ఇక ఆపుకోలేదు. "ఆ మనిషి నాలుగు రోజులుగా లాకప్‌లో గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. తుపాకీ ఎక్కడ దాచావని అడిగి అడిగి తినేశారు మీరు. జేబు చిరిగితే కుట్టడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి తుపాకీ ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తాడు? గోడ మీ ఎదురుగా ఉంది. కిటికీ మీ ఎదురుగా ఉంది. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది. మీరు చూడలేదు, సంతకాలు పెట్టిన ఆ ముగ్గురూ చూడలేదు. మీ పసుపు గడి చూసింది కదా, ఇంకేం కావాలి!"

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ప్లాను మీద ఎర్రగీత దానంతటదే జరిగి కొత్త చోట ఆగి ఉంది. దాన్ని చూసి ఆయనకి కాస్త ప్రాణం లేచి వచ్చింది.

"అయితే మీరే చూడండి మేడమ్. ముప్పై రెండంటే పళ్ళ డాక్టరు క్లినిక్. ఆయన మన సాక్షి. సాక్షి కిటికీలోంచి గుండు వచ్చిందంటే కోర్టు నవ్వుతుంది. కాబట్టి ఎక్కడో ఏదో…"

"దారం ఉందా?" అంది జల్లెడ.

లేదు. జల్లెడ సంచిలోనే ఉంది. టైలరు భార్య వద్దంటున్నా చేతిలో కుక్కిన తెల్లదారం ఉండ, పొద్దున్న తన చీర అంచు ఊడితే కుట్టుకోమని ఇచ్చింది. దాని కొస ఒక గుండుసూదికి చుట్టి గోడ గుంటలో గుచ్చింది. పాత అద్దంలో చిల్లు ఎక్కడుండేదో షీట్‌లో ఉంది, కిటికీ ఫ్రేము అంచు నుంచి ఇంత, అడుగు నుంచి ఇంత అని. కొత్త అద్దం మీద అదే చోట పెన్నుతో చుక్క పెట్టి, దారాన్ని బిగలాగి ఆ చుక్క మీద టేపుతో అంటించింది. దారం గది మధ్యలో, లాయరు ఖాళీ కుర్చీని రాసుకుంటూ, వీణ తీగలా బిగుసుకుని నిలబడింది.

అప్పుడు వెనక గోడ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, గుంటకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి దారం వెంట చూసింది.

టైలరు కిటికీ అసలు కనిపించనే లేదు. అది ఎక్కడో ఎడమన, గోడ చాటుకి పోయింది. చుక్క వెనక, వీధి అవతల, సూటిగా ఒకే ఒక్క కిటికీ ఉంది. ఒక పక్క నీలం కర్టెన్. రెండో పక్క బోసి. ఆ బోసి సందులోంచి లోపలి గది అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తోంది. పాత కుర్చీలో టైలరు భార్య వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

రంగు వెలిసిపోయిందన్న కర్టెన్‌కి జతది ఇంకా నిగనిగలాడుతోంది. వెలిస్తే రెండూ వెలవాలి. ఒకటే ఎందుకు మాయమవుతుంది? తుపాకీ గొట్టం ఆనించినప్పుడు గుడ్డ కాలి ఉంటుంది. మర్నాడు షాపు తెరవకముందే పరుగెత్తి, సాయంత్రానికల్లా కావాలన్నవాడు, ఇవాళ ఎదురుగా తెచ్చిస్తానంటే తొందరలేదన్నాడు. ఆ మాటలన్నీ జల్లెడ చెవిన పడ్డాయి. పడ్డా వినలేదు. గోడని చూడని ఇన్‌స్పెక్టర్‌ని ఇప్పటిదాకా దులిపేసిన తనే, పావుగంట కింద కర్టెన్‌ని చూసి వదిలేసి వచ్చింది. పైగా, కూర్చోమ్మా అని తనే చెప్పి వచ్చింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ తల్లి కేసు. కొడుకు పోయాడందే. అది ఏ ఇంజెక్షన్?"

ఆయన కూడా వంగి దారం వెంట చూస్తున్నాడు. తలెత్తేసరికి మొహంలో రంగు లేదు. "పన్ను పీకేముందు ఇచ్చేది," అన్నాడు. "ఏ క్లినిక్కో ఆవిడ కొత్త లాయరుకే చెబుతానంది. నేను… అక్కర్లేదనుకున్నాను."

జల్లెడ అప్పటికే ఫోను తీసి టైలరు భార్య నంబరు నొక్కింది. వీధి అవతల కుర్చీ పక్కన ఫోను వెలగడం ఇక్కడికి కనిపించింది. ఆవిడ చెయ్యి దాని కోసం లేచి, సగంలో ఆగి, ఒళ్ళోకి వాలిపోయింది. తెల్లకోటు చెయ్యి ఒకటి వచ్చి ఫోను అందుకుంది.

"ఆవిడ మాట్లాడలేరు మేడమ్," అన్నాడు డాక్టరు మర్యాదగా. "ఇంజెక్షన్ ఇచ్చాను. ఎక్కడానికి పది నిమిషాలు ఆగాలి."

మాట్లాడుతూనే తలెత్తి ఇటు చూశాడు. ఎండ పడి తెల్లదారం మెరుస్తోంది. అది ఎక్కడ మొదలై ఎటు చూపిస్తోందో ఆయన కళ్ళు దాని వెంటే వచ్చి తెలుసుకున్నాయి.

ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు. ఆ వెనకే లేచిన జల్లెడ గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. టైలరు చేశాడని రేపు కోర్టులో ప్రమాణం చేసి చెప్పబోయిన పనినే, డాక్టరు ఆమె కళ్ళెదుట చేస్తున్నాడు. కిటికీ రెక్క మూస్తున్నాడు.